ఒలింపియాలో మా ఊరి సంగిడి

నా కుడి అరచేతిలో ఒక జిడ్డుంది. ఎవరికీ కనపడదు. కుంకుడుకాయ నురగతో కడిగాను, సబ్బుతో కడిగాను, ఓడలో పనిచేసిన రోజుల్లో కిరసనాయిలు పోసి కూడా రుద్దాను. పోలేదు. పోదని నాకూ తెలుసు, అది చేతికున్న జిడ్డు కాదు కదా. పడుచుతనంలో మొదలైన ఈ మోత ముసలితనం దాకా వచ్చింది. ఎంత బరువుంటుందని అడిగితే మాత్రం సూటిగా చెప్పగలను. మా ఊరి అమ్మవారి గుడి ముందు ఒక రాయి ఉంది. సరిగ్గా అంత ఉంటుంది.

మీరెవరో నాకు తెలియదు. అదే నయం. ఈ మాట వినవలసిన మనిషి మా అప్ప, నా తోడబుట్టిన అక్క. ఆవిడకి చెప్పే ధైర్యం లేక మీ దగ్గరికి వచ్చాను. నా పేరు అడగకండి, ఊరి పేరూ అడగకండి. నరసన్నపేట నుంచి లోపలికి వెళ్ళాలి, అంతవరకే చెబుతాను. మధ్యలో నన్ను తిట్టాలనిపిస్తే తిట్టుకోండి, లేచి వెళ్ళిపోవద్దు.

ముందు ఆ రాయి గురించి చెప్పాలి. పెద్ద గుమ్మడికాయంత నల్లరాయి. అందులోనే తొలిచిన పిడి ఉంటుంది. మా వైపు దాన్ని సంగిడి అంటారు. ఒంటిచేత్తో పిడి పట్టి పైకి లేపి, భుజం మీదికి తెచ్చి, తల మీదుగా వీపు వెనక్కి వదలాలి. ఎండాకాలంలో అమ్మవారి సంబరం నాడు ఊరి మగాళ్ళందరూ దాని చుట్టూ చేరతారు. ఎత్తేవాళ్ళు ముందునుంచీ నిష్టలో ఉంటారు. చేపా మాంసం లాంటి నీచు ముట్టరు, ఒంటరిగా చాప మీద పడుకుంటారు, పెళ్ళాం పక్కకి కూడా వెళ్ళరు. రాయి అసలు లేవకపోతే సిగ్గేమీ లేదు, బలం చాలలేదని నవ్వేసి ఊరుకుంటారు. లేచిన రాయి మధ్యలో జారితేనే చిక్కు. అప్పుడు ఆ మనిషి నిష్ట తప్పాడని అర్థం. అమ్మవారే చెయ్యి తోసేసిందని అర్థం. ఇంక వేరే సాక్ష్యం ఎవరూ అడగరు.

ఎత్తి వదిలినవాడు చివర్లో చెయ్యి పిడిలో పెట్టి, ఆ చేతిని కళ్ళకద్దుకోవాలి. ఈ ఆచారాన్ని గుర్తుపెట్టుకోండి.

సూరి బావ మా మేనత్త కొడుకు. తల్లీ తండ్రీ పోతే మా నాన్న తెచ్చి పెంచాడు, పెద్దయ్యాక మా అప్పనిచ్చి పెళ్ళి చేసి ఇంట్లోనే ఉంచుకున్నాడు. నాకు ఈత నేర్పింది బావే. సంగిడి పిడిని ఎలా పట్టాలో, ఊపిరి ఎక్కడ బిగబట్టాలో నేర్పిందీ బావే. అతను నాకు చేసిన అన్యాయం ఏదైనా ఉందేమోనని ఎన్నో ఏళ్ళు వెతికాను. ఉంటే నాకు ఎంత సుఖంగా ఉండేదో! ఒక్కటీ దొరకలేదు. ఉన్నదల్లా మా నాన్న చూపు. ఎద్దు మేత ముట్టకపోయినా, నారు పచ్చబడకపోయినా, "మా అల్లుణ్ణి అడగండి" అనేవాడు. స్కూల్ ఫైనల్ పాసై ఇంట్లో కూర్చున్న కొడుకు ఒకడున్నాడని ఆయనకి భోజనం వేళ తప్ప గుర్తొచ్చేది కాదు.

అవి అరవైల చివరి సంవత్సరాలు. ఆ ఏడు సంబరం రోజు పొద్దున అమ్మ నన్ను గుమ్మంలో ఆపింది. "ఎండకి మాడు మాడిపోతాదిరా, ఉండు" అని దోసెడు ఆముదం నా నడినెత్తిన పోసి తట్టింది. చెవుల వెనక నుంచి కారుతుంటే విసుక్కున్నాను. ఆ దోసెడు ఆముదమే ఇదంతా.

ఎత్తడానికి నా వంతు సరిగ్గా బావ కంటే ముందు వచ్చింది, బావదే ఆఖరు. అంతకుముందు ఏటేటా భుజం దాకా తెచ్చి దించేసేవాణ్ణి. ఆ రోజు ఏ పుణ్యం చేసుకున్నానో, రాయి తల దాటి వెనక్కి పడింది. డప్పులు మోగాయి. ఎవరో ఈల వేశారు. రొప్పుతూ నాన్న కోసం చూశాను. ఆయన ముందు వరసలోనే ఉన్నాడు. గెలిచినవాడికి పాగా చుట్టే కొత్త గుడ్డ ఆయన చేతిమీదే మడత పెట్టి ఉంది. ఆయన నన్ను చూడటం లేదు. బావ నడుముకి గుడ్డ బిగించుకుంటుంటే, ముడి సరిగ్గా పడిందా లేదా అని చూస్తున్నాడు.

అంతే. ఇంతకంటే పెద్ద కారణం చెప్పుకోవాలని ఉంది గానీ లేదు.

కళ్ళలోకి పడ్డ జుట్టు వెనక్కి తోసుకున్నట్టు అరచెయ్యి మొత్తం నెత్తి మీద పెట్టి రాశాను. తరవాత వంగి, ఆ చెయ్యి పిడి లోపల పెట్టి, మెల్లగా, గట్టిగా అదిమి, తీసి కళ్ళకద్దుకున్నాను. పక్కనున్న ముసలమ్మ "గుంటడికి బక్తి ఉన్నాది" అంది. అందరూ చూస్తుండగా చేశానండీ. అంతమంది చూశారు, ఒక్కరికీ కనపడలేదు. చెయ్యి దానంతటదే వెళ్ళిందని కొన్నాళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. చెయ్యి దానంతటదే వెళ్తే నుదుటి దగ్గరి జుట్టు దగ్గర ఆగేది. నాది ఆముదం మందంగా ఉన్న నడినెత్తి దాకా వెళ్ళింది. రాయి జారుతుందని నాకు తెలియదా? తెలుసు. జారితే ఊరు ఏమంటుందో తెలియదా? పుట్టినప్పటి నుంచీ ఆ ఊళ్ళోనే ఉన్నాను, తెలియకపోవడమేమిటి?

బావ చేతులకి బూడిద రాసుకుని పిడి పట్టాడు. రాయి ఎప్పటిలాగే తేలిగ్గా లేచింది. భుజం దాకా వచ్చింది. అక్కడ జారింది. అతని పాదం పక్కన నేలలో దిగబడింది. దెబ్బ తగల్లేదు. డప్పులు ఆగిపోయాయి. బావ తన అరచేతిని చూసుకున్నాడు. దాన్ని మొహం దగ్గరికి తెచ్చుకున్నాడు. చెమట తుడుచుకున్నాడా, వాసన చూశాడా? నన్ను ఇన్నేళ్ళు నిద్రపోనివ్వని ప్రశ్న ఇదే. ఆ రెండిట్లో ఏది అనుకున్నా నాకు ఊరట లేదు.

"సంగిడి ఆడి సేతిలోంచి దూకేసినాది. నిష్ట తప్పినాడు" అన్నాడు పూజారి.

నాన్న లేచి వచ్చి నా తలకి పాగా చుట్టాడు. ఆ గుడ్డ కోసమే కదా చేసింది! చుడుతున్నంతసేపూ ఆయన చేతులు నా తల మీద ఉన్నాయి, కళ్ళు నేల మీద ఉన్నాయి. పాగాకి కూడా ఆముదం అంటింది.

తరవాతది ఊరు చూసుకుంది, నేనేమీ చెయ్యక్కర్లేకపోయింది. నిష్ట రోజుల్లో బావ నువ్వుల బస్తాలు వేసుకుని నరసన్నపేట సంతకి వెళ్ళి, బండి ఇరుసు విరిగితే ఒక రాత్రి అక్కడే ఉండిపోయాడు. అందరికీ తెలిసిన సంగతే. ఆ సాయంత్రానికి ఆ రాత్రిలోకి ఒక ఆడమనిషి వచ్చి చేరింది. మర్నాటికి ఆవిడకి ఒక వీధి దొరికింది. వారం తిరక్కుండా పేరు కూడా పెట్టేశారు. చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. రాయి చెప్పింది కదా, చూడటం ఎందుకు?

అప్ప కూడా రాయినే నమ్మింది. బావ కర్పూరం వెలిగించి, అరచేతిలో పెట్టుకుని ప్రమాణం చేశాడు. చెయ్యి బొబ్బలెక్కింది గానీ ఆవిడ మనసు మారలేదు. మాట మానేసింది. కంచం పెట్టి, మొహం గోడ వైపు తిప్పుకుని కూర్చునేది. ఒకే పంక్తిలో నేనూ కూర్చుని తినేవాణ్ణి. ప్రతి ముద్దకీ ఒక అవకాశం. 'అప్పా, నేనే' అనాలి. రెండు మాటలు. నోట్లో అన్నం ఉంది కదా, మింగాక చెబుదాం అనుకునేవాణ్ణి. మింగాక మళ్ళీ ముద్ద కలుపుకునేవాణ్ణి.

బావ మాత్రం చిక్కిపోయాడు. పొలం గట్టు మీద కూర్చుని తన తప్పేమిటో తనే వెతుక్కునేవాడు. నిష్టలో తెలియక నీచు కలిసిన కూర తిన్నానేమో, కలలో ఏదైనా వచ్చిందేమో అని నన్నే అడిగేవాడు! దాన్ని చూడలేక ఊరొదిలాను. విశాఖపట్నంలో తెలిసినవాళ్ళ ద్వారా సరుకు ఓడలో ఖలాసీగా చేరాను. ఉద్యోగం వచ్చిందని ఊళ్ళో అందరూ సంతోషించారు. పారిపోతున్నానని నాకొక్కడికే తెలుసు.

అప్పటికి సూయజు కాలువ మూతపడి ఉంది. మా ఓడ ఆఫ్రికా అంతా చుట్టి మధ్యధరా సముద్రంలోకి వెళ్ళేది. ఒకసారి గ్రీసు దేశంలో ఒక చిన్న రేవులో ఇంజను మరమ్మతుకి ఆగిపోయింది. ఓడలో వైర్లెస్ పని చూసే మలయాళీ ఆయన ఒకడుండేవాడు. బాగా చదువుకున్న మనిషి, ఒంటరిగా తిరగడం ఇష్టముండదు. పందేలు మొదట పుట్టిన చోటు దగ్గర్లోనే ఉందట, ఒలింపియా, రమ్మని నన్ను బస్సెక్కించాడు.

నాకు శిథిలాలు కొత్త కాదు. బళ్ళో ఉండగా రామతీర్థం తీసుకువెళ్ళారు. కొండ మీద బౌద్ధుల ఇటుకల దిబ్బలు చూశాను. అక్కడ గాలి ఎలా ఉంటుందో ఇక్కడా అలాగే ఉంది. మనుషులు వెళ్ళిపోయినా ఎవరో ఇంకా చూస్తున్నట్టు ఉంటుంది. చెట్లు వేరు. కీచురాళ్ళ రొద మాత్రం మా తోటల్లో రొదే. గుడి స్తంభాలు ఎప్పుడో భూకంపానికి కూలి, తరిగిన ముల్లంగి చక్రాల్లా వరసగా ఒరిగిపోయి ఉన్నాయి. ఆ మలయాళీ ఆయన చేతిలో పుస్తకం పట్టుకుని చూసి చెబుతున్నాడు. ఆటగాళ్ళందరూ ముందు ఇక్కడి దేవుడి ఎదుట నిలబడి, మోసం చెయ్యబోమని ప్రమాణం చేసేవారట. నియమంగా ఉన్నామని కూడా చెప్పాలట. మైదానంలోకి పోయే దారి పక్కన వరసగా అరుగులు కనిపించాయి. పందెంలో మోసం చేసి దొరికినవాళ్ళ చేత పెట్టించిన విగ్రహాల పీఠాలట అవి. లోపలికి వెళ్ళే ప్రతివాడూ అవి చూసుకుంటూ వెళ్ళాలి.

మీరు నమ్మరు గానీ, వాటి ముందు నాకేమీ అనిపించలేదు. నవ్వాను కూడా. వీళ్ళంతా దొరికిపోయిన దద్దమ్మలు అన్నాను. నా తెలివి చూసుకుని నేనే ముచ్చటపడ్డానేమో, ఎవరికి తెలుసు?

చివర్లో మ్యూజియంకి వెళ్ళాం. చెయ్యి లేని దేవుళ్ళు, తల లేని గుర్రాలు. నడిచి నడిచి కాళ్ళు పీకుతున్నాయి. ఒక మూల, ఎవరూ ఆగని చోట, నేల మీద ఒక రాయి ఉంది.

సంగిడి.

మా దానికంటే చాలా పెద్దది, రంగు వేరు, పొడవుగా ఉంది. అయినా సంగిడే. పైన చెయ్యి పట్టే చోటు తొలిచి ఉంది. వేళ్ళు ఎక్కడ బిగుస్తాయో నా చేతికి వెంటనే తెలిసింది. ఇదిక్కడికి ఎలా వచ్చింది అనుకున్నాను. ఆ క్షణంలో నేననుకున్నది అదే, సిగ్గు లేకుండా చెబుతున్నాను. నా వెనకే వచ్చిందనుకున్నాను. రాయి మీద గీతల్లాగ ఏవో అక్షరాలున్నాయి. ఏమిటని అడిగితే ఆయన పుస్తకంలో వెతికి చదివాడు. రాయే మాట్లాడుతున్నట్టు రాశారట. ఫలానావాడి కొడుకు ఫలానావాడు నన్ను ఒంటిచేత్తో తల మీదుగా ఎత్తాడు, అని.

ఆ ఎత్తినవాడు మట్టిలో కలిసి వేల ఏళ్ళయింది. వాడి దేవుడు పోయాడు, గుడి కూలింది, భాష కూడా చాలామందికి అర్థం కాదు. రాయి మాత్రం వాడి తరఫున ఇంకా సాక్ష్యం చెబుతోంది. మరి మా ఊరి రాయి? అది చెప్పిన సాక్ష్యం ఏమిటి? దాని నోట్లో అబద్ధం పెట్టింది ఎవరు?

వంగి, చెయ్యి ఆ పిడిలో పెట్టాను. కాపలావాడు అరిచాడు. మలయాళీ ఆయన నా భుజం పట్టుకు లాగాడు. అప్పుడు, నవ్వకండి, నాకు ఆముదం వాసన వచ్చింది. ఎండు దేశం, రాతి గది, చుట్టుపక్కల నూనె చుక్క లేదు. అరచెయ్యి చూసుకుంటే పొడిగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆ పని చేస్తూ ఉండగానే గుర్తొచ్చింది, బావ ఆ రోజు సరిగ్గా ఇలాగే చేశాడని. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నాకు ఇల్లు గుర్తొచ్చిందనుకుని ఆయన సిగరెట్టు ఇచ్చాడు.

ఇంటికెళ్ళగానే చెప్పేస్తానని అక్కడే ఒట్టు పెట్టుకున్నాను. తిరుగు సముద్రమంతా ఆ మాటలు నేర్చుకుంటూనే వచ్చాను. ముందు అప్పకి, తరవాత నాన్నకి, తరవాత గుడి ముందు అందరికీ.

నరసన్నపేటలో బస్సు దిగేసరికి బావ బండి కట్టుకుని వచ్చి ఉన్నాడు. కాస్త ఒళ్ళు చేశాడు. మొహంలో ఏదో నెమ్మది కనిపించింది. ఊరి దారి పట్టాక అడిగాను.

"అప్ప బాగున్నాదా బావా?"

"బాగున్నాది. నీల్లోసుకున్నాదిరా!" అని నవ్వాడు.

నాకు అర్థం కాలేదు. మాటలే లేని ఇల్లది, కడుపెలా పండింది? అతనే చెప్పాడు, ఎద్దుల వైపు చూస్తూ.

"నాను ఒప్పీసుకున్నాను బామ్మర్దీ."

"ఏటి ఒప్పుకున్నావు?"

"అదే. నరసన్నపేటలో ఆడది ఉన్నాదని. అమ్మోరి కాడ, అందరి ముందల సెప్పీసినాను. తప్పైపోనాదని పొర్లుదండాలెట్టినాను. మీ అప్ప తిట్టినాది, ఏడిసినాది. ఆ రోజే నా ఎదురుగుండ కూకుని అన్నం వడ్డించినాది. ఎన్నాల్లైపోనాదిరా ఆ సేతి అన్నం తిని!"

నేర్చుకొచ్చిన మాటలన్నీ పోయాయి. వేరే మాట వచ్చేసింది.

"ఎందుకలగ సేసావు బావా? నువ్వా తప్పు సెయ్యనేదు కదేటి!"

బావ పగ్గం లాగాడు. బండి ఆగింది. నా వైపు తిరిగాడు.

"సెయ్యనేదని నీకెలగ తెలుసురా?"

ఊరంతా నమ్మింది. పెళ్ళాం నమ్మింది. పెంచిన మావ నమ్మాడు. చెయ్యలేదని ఖాయంగా తెలిసినవాడు ఈ లోకంలో అతను కాక ఇంకొకడే ఉండగలడు. అతను అడిగింది అదే. నా మొహంలోకే చూస్తున్నాడు. కోపంగా లేదు ఆ చూపు. ఎదురు చూస్తున్నట్టుంది. నేను నోరు తెరిచాను. ఎండకి గొంతు ఎండిపోయిందని చెప్పగలను గానీ, అది కారణం కాదు. మూసుకున్నాను.

"పోన్లే, ఎండెక్కిపోతన్నాది. మీ అప్ప సూస్తుంటాది" అని ఎద్దుల్ని అదిలించాడు.

మళ్ళీ ఆ మాట మా మధ్య రాలేదు, ఎప్పటికీ.

ఎందుకు చెప్పలేదని నన్ను నేను అడిగినప్పుడల్లా ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. నిజం బయటపడితే బావ అబద్ధమాడి అన్నం తిన్నాడని అప్పకి తెలుస్తుంది, కుదురుకున్న కాపురం మళ్ళీ చెదురుతుంది, కడుపుతో ఉన్న మనిషి, అందుకే ఊరుకున్నాను. చక్కటి జవాబు. ఎక్కడా అతుకు కనపడదు. కానీ పిల్లాడు పుట్టాక? వాడికి మీసాలు వచ్చాక? అప్పుడెందుకు ఊరుకున్నాను? చెయ్యని తప్పు ఒప్పుకుని అతను తేలికపడ్డాడు. చేసినవాణ్ణి నేను, అతని అబద్ధం నీడన కూర్చుని పరువుగా బతికాను.

ఓడ పని మానుకుని నేనూ ఆ ఇంట్లోనే ఉండిపోయాను. బావ మరి సంగిడి ముట్టలేదు. గుడి ముందు నుంచి వెళ్ళేటప్పుడు మొహం అటు తిప్పుకునేవాడు. కొన్నేళ్ళ కిందట పోయాడు. జ్వరం, నాలుగు రోజులు కూడా పట్టలేదు. ఆఖరిసారి నీళ్ళు పట్టింది నేనే, ఈ చేత్తోనే. నా మణికట్టు పట్టుకున్నాడు. ఏదైనా అంటాడేమోనని వంగాను. అనలేదు. అతనికి తెలుసో లేదో నాకు ఇక తెలిసే దారి లేదు.

పదో రోజున వచ్చిన ఆడవాళ్ళతో అప్ప అంటుంటే విన్నాను. "ఆయన జన్మకల్లా ఒకటే తప్పు సేసినాడు. అది నాను కడుపులో ఎట్టీసుకున్నాను." ఆ మాట అంటున్నప్పుడు ఏడుస్తున్న ఆవిడ మొహంలో ఒక గర్వం ఉంది. జీవితంలో తను చేసిన అతి పెద్ద పని అదే అని ఆవిడ నమ్మకం. పిల్లలకీ చెప్పింది, మనవలకీ చెప్పింది. మా నాన్న తప్పు చేశాడు, మా అమ్మ క్షమించింది అని వాళ్ళు చెప్పుకుంటారు. అది నేను లాక్కోగలనా? లాక్కోకుండా ఉండగలనా?

ఇప్పుడు రాయి కింద సిమెంటు గట్టు కట్టారు. సంబరం నాడు కుర్రాళ్ళు నన్ను కుర్చీలో తీసుకెళ్తారు. ఆ రోజుల్లో గెలిచి ఇంకా బతికున్నవాణ్ణి నేనే కాబట్టి ముందు నేను పిడిని తాకి కళ్ళకద్దుకోవాలి, ఆ తరవాతే పోటీ. పెద్దరికం ఇచ్చారు. చెయ్యి పంచెకి తుడుచుకుంటాను, మళ్ళీ తుడుచుకుంటాను. తాత చేతులు వణుకుతున్నాయని వాళ్ళు జాలి పడతారు. తరవాత ఒక్కొక్కడు ఎత్తుతుంటే, జారకూడదని ఊపిరి బిగబట్టి కూర్చుంటాను.

ఆ గ్రీసు రాయిలాగ మా రాయి మీదా అక్షరాలు చెక్కితే ఏమని చెక్కాలో నాకు కంఠతా వచ్చు. సముద్రం మీద నేర్చుకున్న మాటలు పోయాయి గానీ ఇవి పోలేదు. నన్ను ఎత్తగలిగినవాడు సూరి. అతను నిష్ట తప్పలేదు, అతని చెయ్యి తప్పలేదు. నా పిడిలో ఆముదం రాసినవాడు అతని బామ్మర్ది.

ఇదిగో, అన్నాను. మొదటిసారి బయటికి అన్నాను. మీరు క్షమించనక్కర్లేదు, మీకు నేనేం చేశానని? విన్నారు, అది చాలు. రొమ్ము మీంచి కాస్త బరువు దిగినట్టే ఉంది.

లోపల అప్ప కంచాలు పెట్టిన చప్పుడవుతోంది. వడ్డించేసి పిలుస్తుంది. వెళ్ళాలి. ముందు చెయ్యి కడుక్కోవాలి.